సబ్బు నురగ

నాకు వాసన తెలీదు.
పంతొమ్మిదేండ్లు మేడం ఇంట్లో
ఆరు బాత్రూములు క్లోరాక్సుతో కడిగి కడిగి
ముక్కును ఆడనే వదిలేసి వచ్చినాను.
ఊదు పొగేసినా, ఉల్లిగడ్డ మాడినా
నాకు అన్నీ మంచినీళ్ల మాదిరే.

అందుకే హసావీలో ఈ రూముకు వచ్చిన రోజు
నా మంచం యాడ అని అడగలేదు.
సిలిండరు యాడ అని అడిగినాను.
ఓబుళమ్మ నవ్వింది.
ఐదుగురం ఆడోళ్లం. ఒక్క కిటికీ.
ఏసీ చల్లదనం బయటికి పోకుండా
దానికొక అట్టముక్క.

శుక్రవారం పొద్దున వాళ్లు తలకు పోసుకుంటారు,
నేను సిలిండరుకు పోస్తాను.
గిన్నెలో సబ్బునీళ్లు కలిపి
రెగ్యులేటరు మెడ చుట్టూ, పైపు పొడుగునా
పాత బ్రష్షుతో మెల్లగా రాస్తాను.
"మొగుడికైనా ఇట్లా ఒళ్లు రుద్దినావా అక్కా?"
అంటుంది రెడ్డెమ్మ.
వాడు సబ్బుకు దొరికే లీకు కాదులేమ్మే.

బుడగ లేవకపోతే ఆ వారం మాది.

గ్యాసుకు సొంత వాసన లేదంట.
జమీయా దగ్గర సిలిండర్లు దించే
మలబారీ ముసలాయన చెప్పినాడు.
మనిషికి తెలియాలని
ఎవరో కావాలనే కంపు కలుపుతారంట.
ఆ ఎవరో గానీ,
నన్ను లెక్కలోకి తీసుకోలేదు.
ఇంకో మాట కూడా చెప్పినాడు.
ఇది పొగ మాదిరి పైకి పోయే జాతి కాదు,
నీళ్ల మాదిరి దిగుతుంది,
నేల మీద చాప పరుచుకుని పడుకుంటుంది అని.

మా రూములో నేల మీద పడుకునేది నాగవేణి.
మంచానికి ఐదు దీనార్లు ఎక్కువ,
వచ్చి రెండు నెలలు కాలేదు.
తలదిండు స్టవ్వు పక్కకే.

ఆగస్టు రాత్రి.
"ఏందో కుళ్లిన కంపు" అనింది నాగవేణి.
"బాత్రూము కాలవ, పడుకో" అనింది ఓబుళమ్మ.
"ఎలుక చచ్చిందేమో, పొద్దున చూస్తాం" అనింది రెడ్డెమ్మ.
మస్తానమ్మ దుప్పటి ముక్కు దాకా లాక్కునింది.
ముక్కులున్నోళ్లకు
దేనికైనా ఒక కారణం దొరుకుతుంది.
నాకు దొరకలేదు.
లేచినాను.

"లైటు ముట్టొద్దు!"
నాగవేణి చెయ్యి స్విచ్చు మీదనే ఆగింది.
"ఫ్యానన్నా ఏద్దామక్కా?"
"ఏదీ ఏయొద్దు. ఏదీ ఆపొద్దు. ఫోను ముట్టొద్దు. లెయ్యండి."
చీకట్లో సిలిండరు మెడ నాకు తెలుసు.
శుక్రవారం శుక్రవారం తడిమిన మెడ అది.
కుడిపక్కకు తిప్పినాను,
ఇంక తిరగను అనేదాకా.
అట్టముక్క పీకినాను,
తలుపు బార్లా తీసినాను.

మెట్ల మీద ఒక మిస్రీ ఆయన
నోట్లో సిగరెట్టు, చేతిలో లైటరు.
"ఘాజ్! బర్రా! బర్రా!" అని అరిచినాను.
పంతొమ్మిదేండ్లలో
అరబీలో నేనొకరికి హుకుం ఇచ్చింది
అదే మొదలు.
ఆయన సిగరెట్టు జేబులో పెట్టుకుని
మా కంటే ముందు దిగినాడు.

నైటీల మీద చున్నీలు కప్పుకుని
బాఖాలా అరుగు మీద కూచున్నాం ఐదుగురం.
ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.
రాత్రి పూట కూడా గాలి
అన్నం గంజి మాదిరి కాగుతాండాది.

తెల్లారినాక పైకి పోయి
ఒకసారి మెడ తెరిచి, స్టవ్వు ముట్టించకుండా,
పైపుకు సబ్బు రాసినాను.
గోడ దగ్గర మడత పడిన చోట
ఒక బుడగ లేచింది,
వానాకాలం కప్ప గొంతు మాదిరి
ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది.
నాగవేణి దాన్నే చూస్తా కూచునింది.
పైపు మీద అచ్చేసిన సంవత్సరం
నేను ఈ రూముకు రాకముందుది.
ఇన్ని శుక్రవారాలు రుద్దినాను,
ఆ అంకె మాత్రం చదవలేదు.
అది నా తప్పే.

ముసలాయన కొత్త పైపు కోసి
రెండు కొసలకూ క్లిప్పులు బిగించి ఇచ్చినాడు.
ఒకటిన్నర దీనారు.
ఇప్పుడు నాగవేణి దిండు కిటికీ పక్కకు మారింది.
పడుకునే ముందు సిలిండరు మెడ కట్టేది తనే.
కట్టి, ఒకసారి నా పక్క చూస్తుంది.

ఐదుగురికీ పంచితే మూడువందల ఫిల్సులు.
రెడ్డెమ్మ ఇంకా ఇయ్యలేదు.